ఖాళీ బిందె, పది ప్రశ్నలు

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ల వయసులో, పక్కింటి అక్కకు రావలసిన ఉద్యోగాన్ని నేనే చెడగొట్టానని చాలా రోజులు నమ్మాను. నమ్మించారు అనడం సబబు.

మాది పొందూరు. పక్కింటి అక్క మా వీధిలో డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్ల. వాళ్లమ్మ పత్తి దువ్వి, సన్న నూలు వడికి ఆ చదువు చెప్పించింది. శ్రీకాకుళంలో ఒక ఆఫీసులో గుమస్తా పనికి ఇంటర్వ్యూకు రమ్మని అక్కకు కార్డు వచ్చింది. ఆమె గడప దాటే వేళకు నేను ఖాళీ బిందె చంకన పెట్టుకుని వీధి కొళాయి దగ్గర్నుంచి వెనక్కి వస్తున్నాను. ఆ పూట నీళ్లు రాలేదు, అంతే. వాళ్లమ్మ నెత్తి బాదుకుంది.

"ఏటే, నీకు ఇంకో దారి లేదా? ఒట్టి బిందెట్టుకొని ఎదురొచ్చీసినావు!"

అక్కను వెనక్కి పిలిచి, కాసేపు కూర్చోబెట్టి, మంచినీళ్లు తాగించి మళ్లీ పంపారు. ఉద్యోగం రాలేదు.

నన్నెవరూ కొట్టలేదు. అంతకంటే సులువైన పని చేశారు. కొళాయి దగ్గర నన్ను చూడగానే "అదిగో, ఉద్యోగం ఊదీసిన గుంట వస్తన్నాది" అని నవ్వేవారు. నేను పెరటి దారిన తిరగడం మొదలుపెట్టాను. అక్క ఎదుటపడితే తల దించుకునేదాన్ని. కొన్నాళ్లకు అక్కకు మరో ఆఫీసు నుంచి కార్డు వచ్చింది. ఈసారీ రాకపోతే ఇక ఉద్యోగాల మాట ఎత్తొద్దని వాళ్ల నాన్న తేల్చి చెప్పాడు. ఇంటర్వ్యూ రోజున నన్ను బయటికి పంపొద్దని వాళ్లమ్మ మా అమ్మను బతిమాలింది. మా అమ్మ సరేనంది. ఆ సరే అనడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

బడిపంతులుగా చేసి మానుకున్న మా తాతయ్య ఈ సంగతి విని అక్కను పిలిపించాడు. ఇంటర్వ్యూకు ఇంకా పన్నెండు రోజులున్నాయి, రోజూ సాయంత్రం మా అరుగు మీదికి రా, పది ప్రశ్నలు అడుగుతాను అన్నాడు. ఒక్క షరతు పెట్టాడు. ఆమె వాళ్ల గుమ్మం దాటగానే నేను ఎదురు రావాలి, ఒక రోజు ఖాళీ బిందెతో, ఒక రోజు నిండు బిందెతో. ఆమె ఎన్నిటికి జవాబు చెప్పిందో నా లెక్కల పుస్తకం వెనక పేజీలో నేనే రాయాలి. వాళ్లమ్మ ఒప్పుకోదని అక్క భయపడితే, "అసలు రోజున కాదు కదా, పరవాలేదని సెప్పు" అన్నాడు. అబద్ధం లేకుండా ఒప్పించే నేర్పు ఆయనది.

మొదటి రోజు ఖాళీ బిందె. అక్క పదికి ఎనిమిది చెప్పింది. రెండో రోజు నిండు బిందె తొణుకుతూ వస్తే మూడే చెప్పింది, ముందు రాత్రి పెళ్లివిందుకు వెళ్లి పుస్తకం ముట్టలేదు. తర్వాత మరో ఖాళీ రోజు తొమ్మిది, మరో ఖాళీ రోజు నాలుగు. వారం తిరిగేసరికి నా పేజీలో బిందెకూ జవాబుకూ ఏ పొత్తూ కుదరలేదు. చదివిన రోజుకూ జవాబుకూ మాత్రం చక్కగా కుదిరింది.

ఎనిమిదో రోజు తాతయ్య, పుస్తకం పక్కన పెట్టి, అసలు ఆ మొదటిసారి ఏం జరిగిందని అడిగాడు. అక్క చెప్పేసింది.

"నదులూ, రాజధానులూ బట్టీ పట్టుకెళ్లాను తాతా. వాళ్లు అవేవీ అడగలేదు. మీ ఊరి ఖద్దరుకి అంత పేరెందుకొచ్చింది, సెప్పమన్నారు. ఇంట్లో అమ్మ సేప దవడ పళ్లతో పత్తి దువ్వుతాదని ఆఫీసర్ల ముందు ఏటి సెప్తాం? సిగ్గేసింది. నోరు మెదపలేదు." తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు ఎదురొచ్చినందుకు కాదే. నాకు తెలుసు. ఇంట్లో సెప్పనేదు" అంది.

నేను ఏడ్చాను. గుండెల మీంచి బండ దించినట్టయింది. కోపం చాలా ఏళ్ల తర్వాత వచ్చింది. శకునం చేసే పని ఇదే. పెద్దవాళ్ల తడబాటును మోయడానికి ఒక చిన్న భుజాన్ని వెతుకుతుంది.

మిగిలిన నాలుగు రోజులూ తాతయ్య బట్టీ ప్రశ్నలు మానేశాడు. మీ అమ్మ ఏం చేస్తుంది, నువ్వేం చూశావు, ఇది తెలియకపోతే తెలియదని ఎలా చెబుతావు, ఇవే అడిగాడు. తెలియదనేటప్పుడు తల వంచితే మళ్లీ చెప్పించాడు. అసలు రోజున అక్క నా చెయ్యి పట్టుకుని బస్సు దాకా నడిపించుకుపోయింది. వెనక వాళ్లమ్మ కేకలు వీధి చివరి దాకా వినిపించాయి.

సాయంత్రం అక్క నవ్వుతూ బస్సు దిగింది. రెండింటికి తెలియదండీ అందట. వాళ్లమ్మ పని గురించి అడిగితే, ఆ చేప దవడ ఎన్నాళ్లకు అరిగిపోతుందో కూడా చెప్పిందట. నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది.

కథ అక్కడ ఆగితే బాగుండేది. మర్నాడే అక్కవాళ్లమ్మ బెల్లం ముక్క నా నోట్లో పెట్టి, "మా బంగారు గుంట, నీ కాలు మంచిదే" అంది. పరీక్షకు పోయేవాళ్లూ, పెళ్లిచూపులకు పోయేవాళ్లూ నన్ను ఎదురు రమ్మని పిలవసాగారు. నాకూ గర్వమేసి, జడ వేసుకుని సిద్ధంగా ఉండేదాన్ని. ఒక రోజు తాతయ్య నన్ను గుమ్మంలోనే ఆపాడు. "ఆ పిల్ల ఓడినప్పుడు నీ తప్పు కాదన్నాం కదే. గెలిస్తే నీ గొప్ప ఎలాగవుతాది? రెండూ వదిలీ. తేలిగ్గా ఉంటాది" అన్నాడు.

బెల్లం వదులుకోవడం బిందె మోయడం కంటే కష్టమైంది. అయినా వదిలాను. మొన్న నరసన్నపేట నుంచి మా బంధువుల అమ్మాయి ఇంటర్వ్యూకు వెళ్తూ, పెద్దదాన్ని కదా, ఎదురు రమ్మంది. రానన్నాను. కూర్చోబెట్టి పది ప్రశ్నలు అడిగాను. ఆరు చెప్పింది. మిగతా నాలుగూ ఇద్దరం కలిసి చదివాం. ఆమె వెళ్లిపోయాక నేను నిశ్చింతగా నిద్రపోయాను.