ఏలియా బాబాయి ఇంటి పని

కలకత్తా వైపు ఒక రైల్వే ఊళ్లో ఏలియా బాబాయిది మా పక్క క్వార్టరు. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా రెండిళ్లకీ మధ్య ఒకటే గోడ. అటు ఎవరు దగ్గినా ఇటు వినిపిస్తుంది. ఆయన రైల్వే వర్క్‌షాపులో టర్నరు, ఇరవై రెండేళ్లుగా ఇనుము చెక్కే లేతు మిషను ముందు నిలబడ్డ మనిషి. కుడి చూపుడువేలికి గోరు లేదు. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ల మొహం చూడడు, వాళ్ల చేతులు చూస్తాడు. అందుకేనేమో ఆయనతో మాట్లాడాలంటే నాకు భయం వేసేది కాదు. వాళ్లు క్రైస్తవులు, మేము కాదు. చుట్టరికం ఏమీ లేదు. అయినా నాకు మాటలు వచ్చినప్పటి నుంచి ఆయన బాబాయి, ఆయన భార్య జ్ఞానరత్నం పిన్ని.

పంతొమ్మిది వందల అరవై రెండులో పిన్నికి టీబీ అని తేలింది. కుళాయి దగ్గర ఆడవాళ్లు ఆమె బిందెకి ముందు చోటిచ్చి దూరంగా జరిగేవాళ్లు, మర్యాదగానే. ఆదివారం ఇంటికి వచ్చి ప్రార్థన చేసేవాళ్లు గుమ్మంలో నిలబడే చేసి వెళ్లేవాళ్లు. నేను మాత్రం వెళ్లడం మానలేదు. మా అమ్మ అదే జబ్బుతో పోయింది. తమ్ముళ్లని చూసుకోవడానికి నా చదువు ఏడో తరగతితో ఆగింది. ఆ జబ్బంటే ఉండాల్సిన భయమంతా మా ఇంట్లో అప్పుడే అయిపోయింది. తమ్ముళ్లని బడికి పంపి, పిన్ని దగ్గర కూర్చుని బియ్యం ఏరుకునేదాన్ని.

రోజు విడిచి రోజు ఆమెకి సూదిమందు. ఒళ్లు కొంచెం తేరుకుంటోందని అనుకుంటుండగా ఒక మధ్యాహ్నం పిన్ని కళ్లు మూసుకునే అంది.

"సిలకా, ఆ రేడియో కట్టీ. ఒకటే ఈల."

"రేడియో పెట్టలేదు పిన్నీ."

ఆమె కళ్లు తెరిచి రేడియో వైపు చూసింది. అరచేతులతో చెవులు మూసుకుని చూసింది.

బాబాయి వెళ్లి డాక్టరుని అడిగి వచ్చాడు. ఈ మందు రొమ్ముని బాగుచేస్తుందట, కొందరికి చెవులు తీసుకుంటుందట. మానితే రొమ్ము మళ్లీ చెడుతుంది. చెవులు పోయేది ఎన్నాళ్లకి అంటే చెప్పలేమన్నారు. కొందరికి ఏడాది, కొందరికి నెలలు.

ఆ సాయంత్రం పిన్ని ట్రంకు పెట్టె అడుగు నుంచి చీర మడతల్లో దాచిన గ్రామఫోను రికార్డు తీయించింది. పెళ్లికి ముందు ఆమె చర్చి పాటల బృందంలో పాడేది. ఒకసారి పాదిరిగారు అందర్నీ కలకత్తా తీసుకెళ్లి ఒక పాట రికార్డు చేయించారు. మూడో చరణం పిన్ని ఒక్కర్తే పాడింది. పాదిరిగారి బంగళాలో రెండుసార్లు విన్నదట, అంతే. ఆయన వెళ్లిపోతూ రికార్డు ఆమెకిచ్చారు.

"సెవులు ఉండగా ఒక్కసారి ఇంటాను," అంది పిన్ని. "నా గొంతు ఎలాగుండీదో మర్సిపోనాను. ఇప్పుడు దగ్గు తప్ప ఏటీ రాదు."

గ్రామఫోను ఉన్న ఇళ్లు రెండు ఎరుగుదుము. బాబాయి రెండింటికీ వెళ్లాడు. ఒకళ్లు ఊరికే నవ్వి మాట మార్చారట. రెండోవాళ్లు స్ప్రింగు తెగిందన్నారు. ఆ ఆదివారమే వాళ్ల కిటికీలోంచి పాట వినిపించింది. బాబాయి సైకిలు దిగి, ఆ పాట అయ్యేదాకా రోడ్డు మీద నిలబడి, ఇంటికి వచ్చాడు.

"టీబీ కొంపకి ఎవుడిస్తాడు," అన్నాడు. "నేనే సేస్తాను."

ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆయనకి కాలితో తొక్కే పాత లేతు ఉంది. వేలంలో కొన్నాడు, రసీదు కూడా దాచాడు. పని అక్కడ మొదలైంది. గోల్‌బజారులో పంకాలు బాగుచేసే అతని దగ్గర ఒక టేబుల్ ఫ్యాను మోటారు తెచ్చాడు. సొట్టలు పడ్డ అల్యూమినియం గిన్నెలు కరిగించి, ఇసుక అచ్చులో పోసి, అంచు కిందికి దిగిన పెద్ద పళ్లెం తయారుచేశాడు. మొదటిది చల్లారుతూ పగిలింది. రెండోది నిలిచింది. దాన్ని లేతు మీద మూడు వారాలు చెక్కాడు. మధ్యలో ఉక్కు ఇరుసు, ఇరుసు కింద ఒక చిన్న గుండు, చుక్క నూనె. చేత్తో ఒకసారి తిప్పి వదిలితే నేను ఎసట్లో బియ్యం పోసి వచ్చేదాకా తిరుగుతూనే ఉండేది.

మోటారు వేగంగా తిరుగుతుంది, పళ్లెం నెమ్మదిగా తిరగాలి. ఆ రెంటికీ మధ్య ఒక రబ్బరు చక్రం దూరి, ఇటు మోటారు ఇరుసునీ అటు పళ్లెం అంచు లోపలి వైపునీ ఒరుసుకుంటూ తిరుగుతుంది. అదే మోటారు తిప్పుడుని పళ్లేనికి అందిస్తుంది.

"ఈ సక్రం ఎంత పెద్దదున్నా పరవానేదే సిలకా," అనేవాడు బాబాయి. "ఏగం దాని సేతిలో నేదు. అది మద్దిన మోసీదే. లెక్కంతా ఇరుసుది."

నా పని లెక్కపెట్టడం. పళ్లెం అంచు మీద సుద్దతో గీత గీసి, ఆయన చేతి గడియారం చూస్తూ నిమిషానికి ఎన్ని చుట్లో చెప్పాలి. డెబ్బై ఎనిమిది రావాలి. మోటారు ఇరుసుకి తొడిగే ఇత్తడి తొడుగుని ముందు ఐదు సూతుల లావు చేశాడు. సూతంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఎనభై ఏడు చుట్లు వచ్చింది. ఆకురాయితో ఒరిపిడి పెట్టి సన్నం చేశాడు, ఎనభై మూడు. ఇంకా పెట్టాడు. నాలుగున్నర సూతుల దగ్గర డెబ్బై ఎనిమిది. నేను నాలుగుసార్లు లెక్కపెట్టాను, నాలుగుసార్లూ అదే.

మిగిలింది రబ్బరు. సైకిలు బ్రేకు ముక్కతో చేసిన చక్రం గట్టిగా ఉండి, రైలు వంతెన మీద పోతున్నట్టు చప్పుడు చేసింది. వర్క్‌షాపులో చెత్తలో పారేసిన బ్రేకు గొట్టంలోంచి ఒక మెత్తని ముక్క తెచ్చి చెక్కాడు. చప్పుడు పోయింది. పాట వినిపించే ముల్లు, దాని చెయ్యి కలకత్తా పాత సామాన్ల బజారు నుంచి తెప్పించి, తీగ రేడియోకి కలిపాడు.

అది జూలై నెల, బుధవారం. పిన్ని మంచం మీద లేచి కూర్చుంది. అప్పటికి కుడి చెవి పోయింది. ఎడమ వైపు కూర్చుని మామూలుగా మాట్లాడితే వినేది.

"తిరుగుతాంది కదా. ఎయ్యరాదేటి?"

"రబ్బరు కొత్తది. మూడు దినాలు తిరిగితే గాని అణగదు," అన్నాడు బాబాయి. "పిసరు తేడా వొచ్చినా నీ గొంతు నీది కాకుండా పోద్ది. ఆదివారం ఎస్తాను."

"ఓలమ్మా, ఇంజను సక్రమేటి ఇది," అని పిన్ని నవ్వింది. "సరే, నీ ఇష్టం."

శుక్రవారం ఆయన డ్యూటీలో ఉండగా జగ్గారావు వచ్చాడు. వర్క్‌షాపు సరుకు దొంగతనాలు చూసే వాచ్ అండ్ వార్డు మనిషి, మన శ్రీకాకుళం వైపువాడే. వెంట ఇంకొకతను ఉన్నాడు. ఎవరు ఏం చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు. పిన్ని లోపల నిద్రపోతోంది. నేను గుమ్మంలో చేటతో కూర్చున్నాను.

"మీ బాబాయి డ్యూటీ దిగినాక ఏటి సేస్తుంటాడమ్మా?" అని నెమ్మదిగానే అడిగాడు.

కొత్త మగవాళ్ల ముందు నాకు మాట రాదు. చేటలోకి చూస్తూ, "ఇంటి పని సేసుకుంటాడు," అన్నాను.

నా మనసులో ఉన్నది నీళ్లు తోడటం, జావ కాయడం, పిన్ని బట్టలు ఉడకబెట్టి ఉతకడం. ఇంటి చుట్టుపక్కల ఏ మగవాడూ చేయని పనులు. ఆయన్ని మెచ్చుకుంటున్నానని అనుకున్నాను.

జగ్గారావు రెండో అతని వైపు చూశాడు. "ఇంటి పనేనా? నీకు బాగా తెలుసా?"

"రోజూ సూస్తాను."

"ఎప్పట్నించి?"

"పిన్ని మంచం పట్టినప్పట్నించి."

అతను కాగితం మీద రాసి, సంతకం చేయగలనా అని అడిగాడు. చేయగలను. చేశాను.

రాత్రి నాన్న అన్నం తింటూ అడిగాడు.

"ఆ వార్డోడికి ఏటి సెప్పినావు?"

చెప్పాను. నాన్న చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"కారఖానాలో ఇంటి పనంటే ఏటో ఎరుగుదువా? కంపెనీ సరుకు ఎత్తుకొచ్చి సొంతానికి సేసుకునీది. ఆ మాట మీద ఎంతమంది నౌకరీలు పోనాయో."

ఇంట్లో ఆడవాళ్ల దగ్గర ఆ మాట అలా ఎవరూ వాడరు. నేను వినలేదు. మర్నాడు ఉదయం వాళ్లు వచ్చి షెడ్డులో లేతుకి లక్క ముద్ర వేసి, పళ్లెం, మోటారు, చక్రం అన్నీ గోనెసంచిలో కట్టి పట్టుకెళ్లారు. బాబాయి అడ్డం చెప్పలేదు. ఒక్కటే అడిగాడు.

"రేపొక్క దినం ఉంచండి బాబూ. ఎల్లుండి నేనే మోసుకొచ్చి ఇస్తాను."

"అది మా సేతిలో నేదు ఏలియా," అన్నాడు జగ్గారావు, నేల చూస్తూ.

నేను గోడకి మా వైపు నిలబడి ఏడుస్తుంటే బాబాయి ఇవతలికి వచ్చాడు.

"నువ్వు అబద్దం సెప్పినావేటి? రెండు రకాల ఇంటి పనీ సేసినాను నేను," అన్నాడు. "పిన్నితో మాత్రం అనకు."

విచారణ ఐదు నెలలు నడిచింది. గిన్నెలవీ మోటారుదీ లెక్క చూపించాడు. రబ్బరు ముక్క సంగతి ఎవరూ కనిపెట్టలేదు, ఆయనే ఒప్పుకున్నాడు. చెత్తలోదైనా అక్కడిదే కదా అన్నాడు. ఒక ఇంక్రిమెంటు ఆపి వదిలారు. ఉద్యోగం, క్వార్టరు, పిన్ని వైద్యం నిలిచాయి.

ఆ ఐదు నెలలూ నేను పిన్ని ఎడమ చెవినే చూస్తూ గడిపాను. మామూలు మాట పోయింది, గట్టి మాట మిగిలింది. దసరాలకి చెవిలో అరవాల్సి వచ్చేది. వర్క్‌షాపు సైరను వినిపిస్తోందా అని నేను సైగ చేస్తే, "ఆ, కూసింది," అనేది. అది నాకు ధైర్యంగా ఉండేది. డిసెంబరులో ఒకరోజు కిటికీ మూసి ఉండగా సైరను కూసింది. పిన్ని ఏమీ అనలేదు. ఇన్నాళ్లూ ఆమె సైరను కూయగానే సందులో కదిలే సైకిళ్లని చూసి చెబుతోందని అప్పుడు అర్థమైంది. నేను బాబాయికి చెప్పలేదు.

క్రిస్మస్ అయ్యాక లేతు ముద్ర తీసి, సామాను తిరిగి ఇచ్చారు, రబ్బరు చక్రం తప్ప. హిజ్లీ కాలేజీ ల్యాబులో పనిచేసే సమూయేలు, బాబాయికి తమ్ముడి వరస, ఒక పెద్ద రబ్బరు బిరడా తెచ్చాడు.

"సీటీ తెచ్చినావురా?" అన్నాడు బాబాయి.

"తెచ్చినాన్లే. సంతకం, ముద్ర, అన్నీ," అని సమూయేలు ల్యాబు వాళ్లు రాసిచ్చిన కాగితం చూపించాడు. బాబాయి దాన్ని చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

వారంలో చక్రం అయింది. నేను లెక్కపెట్టాను. డెబ్బై ఎనిమిది. ఈసారి ఆయన ఆదివారం దాకా ఆగలేదు. మధ్యాహ్నం పూట మంచం పక్కన స్టూలు మీద పెట్టి, రేడియో పిన్ని ఎడమ వైపుకి జరిపి, గొంతు పూర్తిగా పెంచాడు. పిన్ని తల దువ్వించుకుని కూర్చుంది. ఆయన ముల్లు దింపాడు.

ఎంత చక్కగా తిరిగిందో చెప్పలేను. చప్పుడు లేదు, వణుకు లేదు. హార్మోనియం, పదిమంది గొంతులు, మూడో చరణానికి అవి ఆగి సన్నగా, తేటగా, ఏ కష్టమూ పడకుండా ఒక అమ్మాయి గొంతు లేచింది. సందులో పోతున్నవాళ్లు ఆగారు.

పిన్ని బాబాయి చేతుల వైపు చూస్తూ ఓపిగ్గా కూర్చుంది. కాసేపటికి అడిగింది.

"మొదలెట్టినావా?"

బాబాయి ఆమె మొహంలోకి చూశాడు. ఆయన ఒక మనిషి మొహంలోకి అంతసేపు చూడటం నేను ఎప్పుడూ చూడలేదు. పాట ఇంకా నడుస్తోంది. ఆయన ముల్లు పైకెత్తాడు. రబ్బరు చక్రం చూపించి, జారుతోందని రెండు వేళ్లు ఒకదాని మీద ఒకటి రాసి చూపించాడు. ఇంకా కాలేదు అన్నట్టు చెయ్యి ఊపాడు.

"పోన్లే," అంది పిన్ని. "తొందరేటి. సరిగ్గా సెయ్యి."

ఆయన దాన్ని ఎత్తుకుని షెడ్డులోకి వెళ్లాడు. ఆ రోజే కాదు, ఆ తర్వాత చాలా నెలలు డ్యూటీ దిగాక వెళ్లి చీకటి పడేదాకా అందులో కూర్చునేవాడు. పిన్ని రొమ్ము నయమైంది. మంచం దిగి, కిటికీలోంచి షెడ్డు తలుపు చూస్తూ తనే వండేది. గోడకి ఇవతల నేను చెవి పెట్టి వినేదాన్ని. లేతు చప్పుడు గాని, ఆకురాయి చప్పుడు గాని ఏ రోజూ రాలేదు.