డెబ్బయి రెండు

దయ్యాలున్నాయని నమ్మేవారితో నేనెప్పుడూ వాదించలేదు. ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎవరెవరు చూశారని మాత్రం అడిగేవాణ్ణి. ఆ మూడింటికీ సరైన జవాబు చెప్పినవారు నాకు ఒక్కరూ తగల్లేదు. కాలువ నీటిమట్టాన్ని రోజుకు రెండు పూటలా చూసి రాసే ఉద్యోగంలో ముప్పై ఒక్క సంవత్సరాలు గడిపిన మనిషిని. అంకె లేని మాటను నేను లెక్కలోకి తీసుకోను. కింద రాసినది 1999 ఫిబ్రవరి 18న నాకే జరిగింది. కనుక తేదీలు, అంకెలు నావే.

నా తమ్ముడు ఓబులేసు ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే శిల్పి. మా నాయన ఉలి వాడి చేతికి వచ్చింది, నాకు రాలేదు. నేను నంద్యాలలో స్థిరపడ్డాను. అప్పటికి వాడికి యాభై రెండేళ్లు, నాకు యాభై తొమ్మిది.

1998 డిసెంబరు చివర్లో వాడికి ఛాతీలో మంట, పుల్లని తేన్పులు మొదలయ్యాయి. వాటితోపాటు గుండె దడ. నాడి మధ్యమధ్యలో ఒక దెబ్బ తప్పేది. నా దగ్గరికి వచ్చినప్పుడు వాడు దాన్ని తన పద్ధతిలో చెప్పాడు.

"నా లోపల ఎవుడో కొత్తగా ఉలి పని నేర్చుకుంటాండాడన్నా. నాలుగు దెబ్బలు బాగానే కొడతాండాడు, ఐదోది మర్చిపోతాండాడు. నా దగ్గర పనికొచ్చింటే ఆ పొద్దే పంపించేసేవాణ్ణి."

నంద్యాలలో డాక్టరుకు చూపించాను. ఇ.సి.జి.లో ఏమీ కనిపించలేదు. డాక్టరు ఓపికగా వివరించారు. ఆహారం దిగే గొట్టం గుండెకు వెనుకనే ఉంటుందట. కడుపులోని ఆమ్లం అందులోకి ఎగదన్నినప్పుడు, ఆ పక్కగా గుండెకూ కడుపుకూ కలిపి వెళ్లే నరం చిరాకుపడి, గుండె వేగాన్ని, లయను కొంత మార్చవచ్చట. అయితే గుండె జబ్బులోనూ ఇవే లక్షణాలు ఉంటాయి కాబట్టి ఊహించి ఊరుకోవద్దన్నారు. కర్నూలులో ఒక రోజంతా గుండె లయను నమోదు చేసే పరీక్ష చేయించమన్నారు. తినకపోయినా దెబ్బలు తప్పితే, నడిస్తే ఆయాసం వస్తే, ఆ రోజే ఆసుపత్రికి రమ్మని రెండుసార్లు చెప్పారు.

ఆ రెండుసార్లూ నేను విన్నాను.

వాడి చేతిలో అప్పుడు అమ్మవారి విగ్రహం పని ఉంది. అది ముగిశాక కర్నూలు పోదామన్నాడు. సరే, అంతవరకు లెక్క రాద్దామన్నాను. నోటు పుస్తకంలో ఐదు గడులు గీశాను: తేదీ, సమయం, నిమిషానికి ఎన్ని దెబ్బలు, ఎన్ని తప్పాయి, తిన్న ఎంతసేపటికి.

వాడికి గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టడం కుదిరేది కాదు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాం. రోజూ మధ్యాహ్నం ఒకటిన్నరకు, తిన్న తరువాత, వాళ్ల వీధి మలుపులోని ఎస్.టి.డి. బూత్ నుంచి మా ఇంటికి ఫోన్ చేసేవాడు. రిసీవరును మెడకూ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఎడమచేతి బొటనవేలితో మెడ పక్కన నాడి పట్టుకునేవాడు. సిద్ధమన్న గుర్తుగా కుడిచేతి గోటితో రిసీవరుపై రెండుసార్లు గట్టిగా కొట్టేవాడు. ఆ తరువాత నాడి కొట్టినప్పుడల్లా ఒక్కొక్క దెబ్బ. నేను ఇక్కడ గడియారం చూస్తూ లెక్కపెట్టేవాణ్ణి. నిమిషం కాగానే చాలనేవాణ్ణి. "అయిందా అన్నా?" అనేవాడు. "తిన్నావా? ఏం తిన్నావు?" అని నేనడిగేవాణ్ణి. మంట పెంచే ఉగ్గాని, బజ్జీ తిన్న రోజున జవాబు కొంచెం ఆలస్యమయ్యేది.

ముప్పై ఏడు రోజుల లెక్కలో దెబ్బలు తప్పని రోజు ఒక్కటీ లేదు. తప్పినవన్నీ తిన్న రెండు గంటల లోపువే. తిన్న తరువాతే లెక్కపెడుతున్నాం కాబట్టి అలాగే ఉంటుందన్న చిన్న సంగతి నాకు తట్టలేదు. ఇది గ్యాసేనని మా మరదలికి ధైర్యం చెప్పాను. ఆమె నా పుస్తకాన్ని నమ్మింది.

ఫిబ్రవరి 18న విగ్రహానికి కళ్లు తెరిచే పని. చివరగా కళ్లు చెక్కే ఆ రోజున మా ఇంట్లో ఎవరైనా ఏమీ తినకుండానే ఉలి పడతారు. ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలకే ఫోన్ మోగింది.

"అన్నా, నిన్న సందేళ నించి ఏమీ తినలే. అయినా తప్పుతాండాదే! ఇంటికాడ్నించి ఈడికి నడిస్తే ఆయాసమొస్తాంది. ఏందంటావ్?"

లెక్కపెట్టాను. తొంభై ఆరు. తప్పినవి పద్నాలుగు. ఐదో గడిలో ఏం రాయాలో ఒక్క క్షణం తోచలేదు.

"ఖాళీ కడుపుకు కూడా గ్యాస్ పడుతుంది లేరా అబ్బీ. రెండు గుక్కలు మజ్జిగ తాగు" అన్నాను.

"కండ్లు తెరిచేదాకా మంచినీళ్లు కూడా ముట్టనులే."

"అయితే పని అయినాక తిని ఫోన్ చెయ్."

"చేస్తాలే అన్నా. చెయ్యకుంటే నువ్వు ఊరుకుంటావా!" అని నవ్వాడు.

ఐదో గడిలో "ఉపవాసం, గ్యాస్" అని రాశాను. ఆ అక్షరాలు ఇప్పటికీ ఉన్నాయి.

మధ్యాహ్నం ఒంటి గంట ముప్పై రెండు నిమిషాలకు ఫోన్ మోగింది. ఎత్తగానే రెండు దెబ్బలు. గడియారం చూస్తూ లెక్క మొదలుపెట్టాను. దెబ్బ తరువాత దెబ్బ, సమానంగా, చేయి తిరిగిన శిల్పి ఉలి మీద సుత్తి వేసినట్లు పడింది. నిమిషానికి డెబ్బయి రెండు. తప్పినవి సున్నా. ఆ పుస్తకంలో అలాంటి వరుస అదొక్కటే.

"డెబ్బయి రెండు రా! ఒక్కటీ తప్పలే!" అన్నాను. సంతోషంతో నా గొంతు పెద్దదైందని నా భార్య తరువాత చెప్పింది. "తిన్నావా?" అని అడిగాను. జవాబు రాలేదు. లైను తెగిపోయింది.

రెండూ పదిహేనుకు మా మేనల్లుడు ఫోన్ చేశాడు. ఓబులేసు పదకొండూ ఇరవైకి, ఇంకా విగ్రహం కళ్ల మీద ఉలి పెట్టకముందే, పనిచేసే పాకలో కూలిపోయాడు. ఆసుపత్రి కాగితంలో మరణ సమయం పదకొండూ యాభై అని ఉంది. ఆ కాగితం నకలు నా దగ్గర ఉంది.

పదకొండో రోజు కర్మ అయ్యాక విచారించాను. వాణ్ణి ఆటోలో ఆసుపత్రికి తీసుకువెళ్లింది ఆ బూత్ నడిపే ఆయనే. పదకొండున్నరకు తాళం వేసి, సాయంత్రం నాలుగుకు తీశాడు. బిల్లుల కాగితపు చుట్ట నాకు చూపించాడు. ఆ రోజు మధ్యాహ్నం అందులో ఒక్క ఫోన్ కాల్ కూడా లేదు. "మీ నంబరు నాకు నోటికొచ్చు పెద్దాయనా, చేసింటే దాస్తానా?" అన్నాడు. లైనులో లోపమేమోనని టెలిఫోన్ ఉద్యోగిని అడిగాను. టకటకమనే చప్పుడు రావచ్చు గానీ, ముందు రెండు కొట్టి ఆగి, నిమిషం పాటు లెక్క తప్పకుండా రాదన్నాడు. చెవికి అదుముకున్న రిసీవరులో నా నాడే నాకు వినిపించిందేమోనని చాలా రోజులు పరీక్షించుకున్నాను. నా నాడి ఎనభైకి తగ్గలేదు.

ఆ ఫోన్ ఎవరు చేశారో, ఎక్కడి నుంచి చేశారో ఈనాటికీ నాకు తెలియదు. తెలిసింది ఒక్కటే. తిన్నాక ఫోన్ చెయ్యమన్నాను, చేస్తానన్నాడు.

ఆ చివరి వరుసలో నాలుగు గడులు నిండి ఉన్నాయి. ఐదోది, తిన్న ఎంతసేపటికి అన్నది, ఖాళీగా ఉంది. వాడు ఆ రోజు తినలేదని నాకు తెలుసు. అయినా ఆ గడిలో ఆ మాట రాయడానికి నాకు చేయి రాలేదు.