మగ్గమెక్కిన కేసు అట్ట

అప్పట్లో నాకు ఇరవై ఒక్కేళ్లు. లోకంలో తప్పులన్నీ ఇతరులే చేస్తారని, వాటిని దిద్దడానికే నేను బీకాం పాసయ్యానని గట్టి నమ్మకం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ రోజుల్లో పొద్దున లేచింది మొదలు ఎవరో ఒకరి మీద నాకు ఒళ్లు మండుతూనే ఉండేది. అలాంటి మనిషిని తీసుకెళ్లి చీరాలలో ఒక నడుం నొప్పుల ఆసుపత్రిలో కాగితాల ముందు కూర్చోబెట్టారు. ఆసుపత్రంటే పెద్దదేమీ కాదు. రెండు గదులు, ఒక ఎత్తు బల్ల, మా డాక్టరుగారి రెండు చేతులు, అంతే. మందుబిళ్ల ఇవ్వకుండా, సూది పొడవకుండా, వెన్నుపూస మీద చెయ్యేసి టక్కున సర్దేవారు. మగ్గం గుంటల్లో కూర్చుని కూర్చుని నడుములు పట్టేసిన నేతపనివాళ్లు వంగి వచ్చి నిటారుగా వెళ్లేవారు. ఆయన చేతిని నేనెప్పుడూ తప్పు పట్టలేదు. ఆయన రాతతోనే నా గొడవంతా.

ఒక్కొక్కరికీ ఒక దళసరి అట్ట ఉండేది, జానెడు పొడుగు, నాలుగు వేళ్ల వెడల్పు. వచ్చినప్పుడల్లా దాని మీద తేదీ వేసి సంతకం పెట్టేవారు. బాగానే ఉంది. కానీ పైన పేరు రాయాల్సిన చోట 'రైలు గేటు నడుం', 'వాడరేవు భుజం', 'కూరల మార్కెట్ మెడ' అని ఉండేది. "వీళ్లకి పేర్లు లేవాండీ?" అని అడిగితే, "పేరు చెబితే నాకు మనిషి గుర్తురాడమ్మాయ్, వీపు చూస్తే గుర్తొస్తాడు" అన్నారు, అడగడమే నా తప్పన్నట్టు. నాకు ముందు ఆ కుర్చీలో కూర్చున్న మహానుభావుడు ఆయన్ని మించినవాడు. ఏడు నెలల కాగితాలని, నడుములన్నీ ఒక ఎరువుల సంచిలో, మెడలన్నీ ఒక సంచిలో, మోకాళ్లు ఇంకో సంచిలో కుక్కేసి, బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకుని హాయిగా వెళ్లిపోయాడు. నేను వెళ్లి నిలదీస్తే, "నడుం కాగితం నడుముల్లో కాక ఇంకెక్కడుంటుందండీ?" అని నన్నే అడిగాడు (రీచార్జి ఏమైనా కావాలా అని కూడా అడిగాడు).

ఆ ఏడే నేతపనివాళ్లకి ఆరోగ్య బీమా కార్డులొచ్చాయి. ముందు వాళ్లు మాకు డబ్బు కట్టాలి, మేము బిల్లూ ఫారమూ గుంటూరులో కంపెనీ ఆఫీసుకి పంపాలి, వాళ్లు తిరిగి ఇస్తారు. నెలాఖరు గడువు, అది దాటితే పైసా రాదు. మా సంచులు కదిలించే నాథుడు లేక ఒక్క బిల్లూ వెళ్లలేదు. రోజూ వచ్చి అడిగేవాళ్లలో ఒక తాత ఉండేవాడు. చీరల అంచులు నేయడంలో పేరున్నవాడు, అందుకని అంచుల తాత అనేవాళ్లం. అప్పటికి పన్నెండుసార్లు వైద్యం అయింది, ఇంకా ఆరుసార్లు కావాలి. "ఆ డబ్బొస్తేనే మిగతా ఆరుసార్లు వస్తాను తల్లీ. రాకపోతే ఈ నడుంతోనే గుంటలో దిగాలి" అనేవాడు. నాకు ఆయన మీద జాలి, మిగతా అందరి మీదా మంట. మూడు వారాలు ఇంటికెళ్లి అన్నం కూడా సరిగ్గా తినకుండా, ఏ వీపు ఏ పేరుదో కనుక్కుని ఫారాలన్నీ నింపాను. అట్టల మీదున్న తేదీలన్నీ నా ముత్యాల్లాంటి అక్షరాలతో ఎక్కించి, అట్టలు ఎవరివి వాళ్లకిచ్చేశాను. "ఇంక దీంతో మాకు పని లేదు తాతా, తీసుకెళ్లు" అని అంచుల తాతకి దర్జాగా చెప్పాను.

గడువు రెండు రోజులుందనగా ఫారాల కట్ట తిరిగొచ్చింది. డాక్టరుగారి సంతకాలున్న అసలు అట్టలు జతచేయలేదట. నాకు తిక్క రేగింది. సంతకం పెట్టిన ఫారం కన్నా ఎవరింట్లోనో బియ్యం డబ్బాలో నలిగిన అట్ట ఎక్కువా అని డాక్టరుగారి మీద అరిచాను (ఆయన పాపం ఎవరిదో మెడ పట్టుకుని ఉన్నారు). మనిషి మనిషికీ కబురు పెడితే అందరూ అట్టలు తెచ్చిచ్చారు, అంచుల తాత తప్ప. ఈ మనిషికి బాధ్యత లేదా అనుకుంటూ ఫైలు సైకిలుకి పెట్టుకుని వాళ్ల వీధికెళ్లాను. తాత గుంటలో కూర్చుని నేస్తున్నాడు. "అట్టేది తాతా?" అంటే గడ్డంతో పైకి చూపించాడు.

మగ్గం మీద జాకార్డు పెట్టె, దానికి దారంతో ఒకదానికొకటి కుట్టిన అట్టల దండ. ఏ అట్టకి ఎక్కడ బొక్కలుంటే ఆ పోగులు లేస్తాయి, అలా అంచులో బొమ్మ పడుతుంది. ఆ గోధుమరంగు అట్టల మధ్యలో ఒక తెల్లది, నిండా బొక్కలు, బొక్కల మధ్య మా డాక్టరుగారి సంతకాలు.

"నాదొక అట్ట చిరిగి మామిడిపిందె సగంలో ఆగిపోయింది తల్లీ. నువ్వు పని లేదన్నావు గదా. కొలత కూడా అచ్చంగా సరిపోయింది" అన్నాడు, ఎంతో సంతోషంగా.

అంత దళసరి అట్ట ఎంచుకున్నందుకు డాక్టరుగారి మీద, అసలుది అడిగినందుకు కంపెనీ మీద మండిపడి, ఇంకా ఎవరెవరు దొరుకుతారా అని వెతికాను. పని లేదని చెప్పింది మాత్రం నేనే. సిగ్గేసింది. అదే మొదటిసారి అనుకుంటాను.

"తీసెయ్ తాతా, రేపే ఆఖరు" అన్నాను నెమ్మదిగా.

"తీస్తే పిందె తెగిపోద్ది. చీర ఎల్లుండి షావుకారుకి ఇవ్వాలి."

నా చేతిలో ఫైలుంది. దాని అట్ట మీద ఎర్రసిరాతో పెద్దపెద్ద అక్షరాల్లో 'అర్జెంట్' అని రాసి, కింద రెండు గీతలు గీసి ఉంచాను. అది చించి ఇచ్చాను. తాత కొలతకి కత్తిరించి, పాతదాన్ని విప్పి పైన పెట్టి, వంగి ఒక్కో బొక్కా కొట్టాడు. నాలుగు బొక్కలకోసారి నడుం పట్టుకుని ఆగేవాడు. ఫారాల్లో వందసార్లు నడుం నొప్పి అని రాశాను గానీ, అదేమిటో ఆ రోజే చూశాను.

మర్నాడు బస్సెక్కి గుంటూరు వెళ్లాను. అక్కడి ఆఫీసరు అట్టని వెలుతురుకి ఎత్తి చూసి, "ఎలకలు కొట్టినదాన్ని తెచ్చారేంటండీ?" అన్నాడు. "ఎలకలు కాదండి, మామిడిపిందెలు. మీరు అసలుది కావాలన్నారు, ఇదే అసలుది. పన్నెండు సంతకాలున్నాయి, ఒక్కదానికే బొక్క పడింది, లెక్క చూసుకోండి" అన్నాను. ఆయన అట్టనీ నా మొహాన్నీ మార్చి మార్చి చూసి ముద్ర వేశాడు.

తాత మిగతా ఆరుసార్లూ వచ్చాడు. చివరిరోజు బల్ల దిగి నిటారుగా నిలబడి, "నీ అట్ట బాగా తిరుగుతోంది తల్లీ" అన్నాడు.

ఇన్నేళ్లు కుర్చీల్లో కూర్చుని ఇప్పుడు నాకూ నడుం పట్టేస్తోంది, కోపం మాత్రం కాస్త సడలింది. ఏ కౌంటరు దగ్గరైనా నా గొంతు లేవబోతే, 'అర్జెంట్' అని అరుస్తున్న ఆ అట్ట గుర్తొస్తుంది. తాత గుంటలో మగ్గం తొక్కితేనే కదిలేది, తన వంతు వచ్చేదాకా తక్కిన అట్టల వెనకాల వేలాడుతూ ఉండేది. నేనూ లైన్లో నిలబడతాను. (గొణగడం మానానని అనడం లేదు.)