జాడించిన తోకకప్పలు

వీధి వీధంతా ఆమెను బ్లీచింగమ్మ అనేది. ముఖం మీద అనే ధైర్యం ఎవరికీ లేదుగానీ ఆ సంగతి ఆమెకు తెలుసు, లోలోపల కాస్త గర్వం కూడా. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో ఆమెది పెద్దరికం. నెత్తుటి మరకలు, చీము మరకలు, పైకి చెప్పుకోలేని మరకలు, ఏవైనా సరే ఆమె చేతిలో పడ్డాయంటే తెల్లబడాల్సిందే. మనుషుల మురికి ఆమెకు ఓ లెక్కా? పాకేవీ, జారేవీ, జిగురుగా ఉండేవీ అంటే మాత్రం ఒళ్ళంతా కంపరమే. గోడ మీద బల్లి కదిలితే ఆ గదిలో ముద్ద దిగేది కాదు.

అలాంటి మనిషి పెరట్లోకి కట్టుకున్నవాడు కప్పల్ని తెచ్చిపెట్టాడు.

ఆయన బస్సు డ్రైవరు. చూపు మందగించిందని స్టీరింగు మీంచి దించేశారు. అడ్డొచ్చిన సైకిలువాళ్ళను అరమైలు దాకా వినబడేలా తిట్టిన గొంతు ఆ రోజుతో మూగబోయింది. వెనక గదిలో గోడకేసి కుర్చీ తిప్పుకుని కూర్చునేవాడు. పిలిస్తే వచ్చి తినేవాడు, మళ్ళీ వెళ్ళి కూర్చునేవాడు. బ్లీచింగమ్మ ఒకనాడు కావాలనే కూరలో ఉప్పు మానేసింది. కిక్కురుమనకుండా తిని లేచాడు. ఆవిడ గుండెల్లో రాయి పడింది.

వానలు మొదలయ్యాక ఎందుకు బుద్ధి పుట్టిందో, పలుగు పట్టుకుని పెరట్లో చిన్న కుంట తవ్వాడు. పోనీలే, లేచాడు కదా అని ఆమె సంబరపడింది. నాలుగు వానలకు కుంట నిండింది, దోమలు ముసిరాయి. గోడ అవతలి వదిన సణగడం మొదలెట్టింది. దోమపిల్లల్ని తినడానికని ఆయన ఊరి చివర మురుగు గుంటకు పోయి కప్పగుడ్లూ తోకకప్పలూ పట్టుకొచ్చాడు. దేంట్లో అనుకున్నారు? ఆమె లాండ్రీకి తీసుకెళ్ళే టిఫిన్ క్యారేజీలో!

మూత తీసి చూసి కెవ్వుమంది. చీమిడి ముద్దలో నల్ల చుక్కలు. ఆ చుక్కలు కదులుతున్నాయి. ఆ క్యారేజీని చీపురుపుల్లతో ఎత్తి చెత్తబండిలో పారేసింది.

కానీ డ్రైవరు నోరు తెరిచాడు. "చూడవే, దీనికి వెనక కాళ్ళు మొలుస్తున్నాయి!" అన్నాడు, సరిగ్గా ఆమె ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే.

"ఛీ, ఛీ! అన్నం దగ్గర ఆ మాటలేంటండీ?" అని కసిరింది. తర్వాత వంటింట్లోకి పోయి హమ్మయ్య అనుకుంది.

ఆమె భరించలేనిది ఆ నీళ్ళు. పచ్చగా పాచి పట్టి, పైన తెట్టు కట్టి, కుళ్ళిన ఆకుల కంపు. చూపు ఆనని మనిషి పొద్దస్తమానం దాని మీదకే ముఖం వంచి కూర్చుంటాడు. ఏ రోగమైనా అంటుకుంటే? పాపం, ఆ వెధవ ప్రాణులు మాత్రం ఆ కంపులో ఎలా బతుకుతాయి?

ఆయన కళ్ళజోడు కోసం ఆసుపత్రికెళ్ళిన రోజు ఆమెకు సెలవు. కొంగు బిగించింది. ముక్కుకు గుడ్డ కట్టుకుని తోకకప్పల్ని జల్లెడతో బకెట్లోకి దేవింది. దుప్పట్లకు అలవాటైన చెయ్యి కదా, వాటిని మూడు నీళ్ళలో జాడించింది. కుంట గోడలకు పట్టిన పాచి గీకి, పాత నీళ్ళు తోడిపోసి, కుళాయి నీళ్ళు పట్టి, చిటికెడు బ్లీచింగు కూడా కలిపింది. అడుగు దాకా తేటగా కనిపించింది. తోకకప్పల్ని అందులో వదిలి, ఆయన చూసి మురిసిపోతాడనుకుంది.

ఆయన వచ్చేసరికి అన్నీ వెల్లకిలా తేలుతున్నాయి.

కొత్త కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశాడు. గీకి గీకి ఎర్రబడ్డ ఆమె చేతుల్నీ చూశాడు. తిడతాడని ఎదురుచూసింది. తిట్టలేదు. లోపలికెళ్ళి గోడకేసి కుర్చీ తిప్పుకున్నాడు.

"ఏమండీ, బుద్ధి లేక చేశాను. ఓ మాటనండి," అని బతిమాలింది. ఆ రాత్రి అన్నానికి కూడా లేవలేదు.

మర్నాడు లాండ్రీకి వెళ్ళలేదు. కుంట ఎత్తిపోసి వాననీళ్ళు నింపింది, బకెట్ తీసుకుని మురుగు గుంటకు పోయింది. గట్టు మీంచి వంగింది. జల్లెడ పెడితే గుడ్ల ముద్ద చితికి జారిపోతోంది. చేతులే పెట్టాలి. కళ్ళు మూసుకుని మోచేతుల దాకా ముంచింది. వేళ్ళ సందుల్లోంచి చల్లగా, మెత్తగా, బతికున్న చీమిడి జారింది. ఏదో తోక అరచేతిలో కొట్టుకుంది. పక్కకు తిరిగి భళ్ళున వాంతి చేసుకుంది. మళ్ళీ ముంచింది.

నడుంలోతు దిగి పాచి కూడా ఎత్తుకొచ్చి పెరట్లో కుమ్మరిస్తుంటే చప్పుడుకు డ్రైవరు గుమ్మంలోకి వచ్చాడు. ఆమెకు నడుం దాకా బురద, జుట్టులో నాచు, కాళ్ళకు చెప్పుల్లేవు.

"ఆ గుంటలో దిగావా?" అన్నాడు.

"మరి అవి నడిచొస్తాయా?"

"బుద్ధుందా నీకు? గాజుపెంకులుంటాయి, జారితే మెడలోతు ఊబి! ఎవర్నడిగి పోయావ్? ఆ పాచే వాటి అన్నం, దాన్ని గీకి పారేస్తావా? సబ్బనీ సున్నమనీ ఇంకోసారి ఈ నీళ్ళ జోలికొచ్చావో చూడు!" బస్సు మీద కూర్చున్నప్పటి గొంతు అది, వీధి చివరి దాకా మోగింది.

గోడ మీంచి పక్కింటి వదిన తల పెట్టింది. "ఏమైంది వదినా, అన్నయ్యగారు అలా విరుచుకుపడుతున్నారు?"

"ఏం లేదొదినా. మా ఆయన తిడుతున్నారు," అంది బ్లీచింగమ్మ. కళ్ళు తుడుచుకుందామంటే రెండు చేతులకీ ఆ జిగురే.