బోటు మీద హాజరు

నాకు సంతకం పెట్టడం వచ్చు. కూడబలుక్కుంటే బస్సు మీద ఊరి పేరు తెలుస్తుంది. అంతకు మించి చదువు లేదు. అందుకే నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. నాది బొంగురు గొంతు. మా ఆయన పోయాక పిల్లను సాకడానికి కారం మరలో పనికి కుదిరాను. ఆ ఘాటు పీల్చీ పీల్చీ గొంతు ఇలా అయిపోయింది. ఫోన్లో కొత్తవాళ్లెవరైనా నన్ను "సార్" అంటారు. కాదని చెప్పడం ఎప్పుడో మానేశాను.

ఇప్పుడు చెప్పబోయేది సముద్రం మీద జరిగింది. ఆ రోజు తలపుకొస్తే చేతులు వాటంతట అవే దణ్ణానికి కలుస్తాయి. దేవుడి సంగతి సరే, ముందు ఒక పిల్లకు పెట్టాలి దణ్ణం. ఆ పిల్ల మళ్లీ నాకు కనబడదు. ఇది చదవనూ చదవదు. అయినా చెప్పుకోవాలి.

మేముండేది అమెరికాలో, చాండ్లర్ అనే ఊళ్లో. చుట్టూ ఇసుకా, రాళ్లూ, ముళ్ల మొక్కలూ. మా అల్లుడు అక్కడ కంప్యూటర్ చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. అంత ఎడారిలో ఉంటూ ఆయనకు సముద్రం అడుగుకి దిగాలని సరదా పుట్టింది. ఈతకొలనులో నేర్చుకున్నాడు, వీపుకి గాలి సిలిండర్ కట్టుకుని నీళ్లలో ఊపిరి పీల్చడం. ఎండలు తగ్గే కాలంలో కాలిఫోర్నియాలో లాబ్‌స్టర్ల సీజన్ తెరుస్తారు. మన రొయ్యకి పెద్దన్న లాంటిది, ఒంటినిండా ముళ్లు, జానెడు మీసాలు. దాన్ని వలేసి పట్టకూడదట, గుచ్చకూడదట. రాళ్ల సందుల్లోకి వెళ్లి చేత్తోనే పట్టాలి. పట్టాక కొలబద్ద పెట్టి చూడాలి. కొలతకు తగ్గితే వదిలెయ్యాలి. దీనికోసం జనం డబ్బులిచ్చి బోటులో సీటు కొనుక్కుని వెళతారు. నాకు మొదట నవ్వొచ్చింది. మార్కెట్‌లో రొయ్యలు దొరకవా అని.

నవ్వు పైకే. లోపల భయం. కిందటేడు అల్లుడు దిగి వచ్చిన రెండు సార్లూ ఇంట్లో కూర్చున్నాను, అన్నం సయించలేదు. ఈసారి నేనూ వస్తానన్నాను.

"అత్తయ్యా, అక్కడ మీకు బోర్ కొడుతుంది. పొద్దంతా బోటు మీదే కూర్చోవాలి," అన్నాడు అల్లుడు.

"ఇక్కడ మాత్రం ఏం పొడుస్తున్నాను బాబూ. ఎక్కడ దిగుతున్నారో కంటితో చూస్తే నాకు నిద్ర పడుతుంది."

నా భయం ఎందుకో కూడా చెప్పేస్తాను. మా అమ్మాయి ఇది రాయనా అని అడుగుతోంది. రాయమన్నాను.

మా ఆయన కరెంటు లైన్‌మన్. స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌కి చెప్పి లైను ఆపించుకోవాలి. పనయ్యాక, ఆపించుకున్న మనిషే దిగి మళ్లీ చెప్పాలి, నేను దిగాను, ఇక ఇవ్వండి అని. అది పద్ధతి. ఆ రోజు గాలివానకు తెగిన తీగలు కడుతున్నారు. కరెంటు ఎప్పుడిస్తారని ఊరంతా గోల. స్తంభం దగ్గర ఆయన సైకిల్ పక్కన ఎవరో నిలబడి ఉంటే, తోటి మనిషి దూరం నుంచి చూసి ఆయనే అనుకున్నాడు. పొద్దుట్నించీ ఎండలో ఉన్నాడు, ఆ ఫోనేదో నేనే చేస్తే పోలా అనుకున్నాడు. "దిగాడు, ఇచ్చెయ్యండి" అని చెప్పాడు. ఆయన దిగలేదు.

ఆ మనిషి చెడ్డవాడు కాదు. మా ఇంట్లో అన్నం తిన్నవాడు. సాయం చేస్తున్నాననే అనుకున్నాడు. అతని మీద కోపం నాకు ఎప్పుడో చల్లారిపోయింది. భయం ఒక్కటే చల్లారలేదు.

అలా కాలిఫోర్నియాలో శాన్ డియాగో వెళ్లాం. నేనూ, అమ్మాయీ, అల్లుడూ, అల్లుడి స్నేహితుడూ. ఇద్దరూ ఒకే ఇంజనీరింగ్ కాలేజీ, ఒకే హాస్టల్ గది. ఈ అబ్బాయిది కరీంనగర్ వైపు. నోరు ఊరుకోదు, చెయ్యీ ఊరుకోదు, ఎవరి బరువైనా తనే మోస్తాడు. నీళ్లలో జంటలుగా దిగాలన్నది వాళ్ల నియమం. వీళ్లిద్దరూ ఒక జంట.

తెల్లవారుతుండగా బోటెక్కాం. అంచుల వెంట బల్లలు, బల్లల వెనక వరసగా సిలిండర్లు. లోపల చిన్న వంటగది, అందులోంచి పంది మాంసం వేగుతున్న వాసన. మేం డబ్బా నిండా పులిహోర పట్టుకెళ్లాం. బోటు కదిలే ముందు ఒక పిల్ల చేతిలో పేర్ల కాగితం పెట్టిన అట్ట పట్టుకుని వచ్చింది. ఇరవై దాటి ఉంటాయేమో, ఎండకి కమిలిన ముక్కు, చెప్పుల్లేని కాళ్లు. ఆ బోటు మీద పనిచేసే పిల్ల. ఒక్కొక్కరి పేరూ పిలుస్తోంది. పిలిచిన వాళ్లు చెయ్యెత్తి "హియర్" అంటున్నారు. నా పేరు పిలిచింది. మా అమ్మాయి నా పక్కనే ఉండి "షి ఈజ్ హియర్" అంది.

ఆ పిల్ల ఒప్పుకోలేదు. నవ్వుతూనే ఏదో చెప్పింది.

"అమ్మా, నువ్వే అనాలట. ఒకరి బదులు ఇంకొకరు చెప్పకూడదట."

"ఎదురుగానే ఉన్నాను కదే."

"అయినా నీ నోటితోనే అనాలట. నీళ్లలో దిగినా దిగకపోయినా."

"హియర్" అన్నాను. నా గొంతు విని ముందు వరసలో ఒక తెల్లాయన తిరిగి చూశాడు. ఆ పిల్ల బొటనవేలు ఎత్తి చూపించింది. నాకు ఆ పద్ధతి ఎంత నచ్చిందో చెప్పలేను. మా దగ్గరా ఆ రోజు ఇలా పట్టుబట్టి ఉంటే అనుకున్నాను. అనుకుని, సముద్రం వైపు తిరిగి కూర్చున్నాను.

బోటు ఒక దీవి పక్కన ఆగింది. నీళ్ల కింద నాచు తీగలు కొబ్బరి మట్టల్లా ఊగుతున్నాయి. లంగరు వేశాక అందరూ నల్ల సూట్లు బిగించుకుని, ఒక్కొక్కరే అంచు మీంచి పెద్ద అడుగు వేసి దబ్బున నీళ్లలో పడ్డారు. మా అమ్మాయికి ఓడ పడదు. మాత్ర మింగి లోపల బెంచీ మీద పడుకుంది. నేను వెనక బల్ల మీద కూర్చుని బుడగలు చూస్తూ ఉన్నాను. అల్లుడి బుడగలేవో నాకు తెలిసినట్టే అనిపించేది.

మొదటిసారి ఇద్దరూ బాగానే వచ్చారు. వల సంచిలో లాబ్‌స్టర్లు టపటపా కొట్టుకుంటున్నాయి.

"ఆంటీ, మీసాలు వట్టుకుంటే విరిగి చేతుల కొస్తయ్. వీపు మీద చెయ్యేసి అదమాలె. మీ అల్లుడు రెండిటి మీసాలు వట్టుకొచ్చిండు, లాబ్‌స్టర్లు మాత్రం రాలే," అన్నాడు స్నేహితుడు.

"నీ సంచిలో ఉన్న పెద్దది ఎవరు తోలితే వచ్చిందిరా," అన్నాడు అల్లుడు.

పులిహోర తిన్నారు. వంటగదిలో ఉన్నాయన నేను చలికి ముడుచుకోవడం చూసి, అడక్కుండానే ఒక దుప్పటీ, కప్పులో వేడి పాలూ తెచ్చిచ్చాడు. ఆ దుప్పటి ఇంకా నా ఒంటి మీద ఉండగానే వాళ్లు రెండోసారి దిగారు.

ఈసారి గాలి లేచింది. నీళ్లు రంగు మారాయి. ఒక్కొక్కరే నిచ్చెన పట్టుకుని పైకి వస్తున్నారు. అందరూ నల్ల సూట్లలో, తడి జుట్టుతో ఒక్కలాగే ఉన్నారు. స్నేహితుడు వచ్చాడు. సిలిండర్ విప్పి పెట్టాడు.

"ఆయనేరి బాబూ?"

"కింద ఇద్దరం తప్పిపోయినం ఆంటీ. వాడు ఒక లాబ్‌స్టర్ ఎంట వడ్డడు. కొంచెం సేపు దేవులాడి నేను పైకొచ్చిన. నాకంటే ముందే వచ్చుంటడు. గా బాత్రూమ్‌లకు వోయినట్టున్నడు, ఇప్పుడే చూసిన."

బాత్రూమ్ తలుపు వేసి ఉంది. నేను తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను. కింద ఇంజను మొదలైంది. కాళ్ల కింద చెక్కలు అదిరాయి. మళ్లీ ఆ పిల్ల అట్ట పట్టుకుని వచ్చి పేర్లు పిలవడం మొదలుపెట్టింది. స్నేహితుడు పలికాడు. తర్వాత అల్లుడి పేరు.

"హియర్" అంది ఒక గొంతు.

అది మా అల్లుడి గొంతు కాదు. స్నేహితుడు తల వంచుకుని తువ్వాలుతో జుట్టు తుడుచుకుంటూ ఉన్నాడు. అల్లుడు బాత్రూమ్‌లో ఉన్నాడు, వచ్చేదాకా అందరూ ఎందుకు ఆగడం అని, తనే అనేశాడు. నేను లేవబోయాను. ఎప్పుడూ బొంగురుగానైనా పలికే గొంతు అసలు పలకలేదు.

ఆ పిల్ల తర్వాతి పేరు పిలవలేదు. అట్ట దించి తల ఎత్తింది. అల్లుడి పేరే మళ్లీ పిలిచింది. స్నేహితుడు బాత్రూమ్ వైపు చెయ్యి చూపించి ఏదో చెప్పాడు. ఆమె వినలేదు. బల్లల మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్లి బాత్రూమ్ తలుపు దబదబా కొట్టింది. తలుపు తెరుచుకుంది. సూటు సగం విప్పుకున్న ఇంకో మనిషి, ఎవరో తెల్లబ్బాయి, ఏమైందని అడుగుతూ నిలబడ్డాడు.

ఆమె అరవలేదు. పైన బోటు నడిపే కెప్టెన్ వైపు తిరిగి, చెయ్యి ఎత్తి, పిడికిలి బిగించి చూపించింది. ఇంజను ఆగిపోయింది.

అప్పుడు సముద్రం చప్పుడు వినబడింది. స్నేహితుడి మొహం సుద్దలా తెల్లబడిపోయింది. వచ్చి నా ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఆంటీ, బాత్రూమ్‌ల ఉన్నడనే అనుకున్న. కాలేజీల వాడు నాకు, నేను వాడికి ప్రాక్సీ చెప్పుకునేటోళ్లం. అలవాటుల నోటికొచ్చేసింది ఆంటీ."

ప్రాక్సీ అంటే క్లాసులో ఒకరి హాజరు ఇంకొకరు పలకడమని అప్పుడు నాకు తెలియదు. తెలుసుకునే స్థితిలోనూ లేను. వాడి తల మీద చెయ్యి వేశానట. నాకు గుర్తులేదు. నాకు కనబడింది ఆ సైకిలూ, దాని పక్కన నిలబడ్డ ఎవరో మనిషీ.

పైన కెప్టెన్ బైనాక్యులర్స్‌తో చూస్తున్నాడు. అందరూ అంచుల దగ్గర చేరి తలో దిక్కూ చూస్తున్నారు. ఎంతసేపో నేను చెప్పలేను. ఆ పిల్ల బోటు కొస మీదకు ఎక్కి నిలబడింది. చూసి చూసి, చెయ్యి చాపి అలాగే ఉంచింది. ఆ చెయ్యి దించకుండా కెప్టెన్‌తో మాట్లాడుతోంది. చాపిన చెయ్యి వైపు చూశాను. నాచు తీగల అవతల, అల లేచినప్పుడల్లా, నారింజ రంగు గొట్టం ఒకటి నిటారుగా కనబడి మాయమవుతోంది. నీళ్ల మీద గుర్తుగా ఊదుకుని పట్టుకునే రబ్బరు గొట్టమట అది.

చిన్న రబ్బరు పడవ దించి ఇద్దరు వెళ్లారు. తీసుకొచ్చారు. నిచ్చెన ఎక్కలేకపోతే చంకల కింద చేతులేసి లాగారు. పెదవులు నల్లగా ఉన్నాయి, పళ్లు టకటకలాడుతున్నాయి. నేను నా ఒంటి మీద దుప్పటి తీసి ఆయనకు కప్పాను. దూరంగా పైకి తేలాడట. నీటి ఈడ్పుకి ఇంకా అటే కొట్టుకుపోయాడట. ఈల ఊదాడట గాని, ఇంజను మోతలో మాకు వినబడలేదు.

"ఇంజను చప్పుడు వినిపించింది అత్తయ్యా," అన్నాడు. "వెళ్లిపోతున్నారనుకున్నాను. తర్వాత ఆగింది."

స్నేహితుడు ఆయన్ని పట్టుకుని ఏడ్చాడు. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, "అరేయ్, లాబ్‌స్టర్ ఏదిరా," అన్నాడు.

"వదిలేశా. సైజు రాలేదు."

"సైజు రాని దాని కోసం దీవి దాటినవారా?"

చుట్టూ ఉన్నవాళ్లకు అతనే ఆ మాట తర్జుమా చేసి చెబితే అందరూ నవ్వారు. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. స్నేహితుడిని పక్కకు పిలిచి, మెల్లగా, చాలాసేపు మాట్లాడింది. అతను తల వంచుకుని విన్నాడు. తర్వాత ఆమె మళ్లీ అట్ట తీసుకుని మొదటి పేరు నుంచి పిలవడం మొదలుపెట్టింది. ఎవరూ విసుక్కోలేదు. మా అల్లుడు వణుకుతూ "హియర్" అన్నాడు. నా వంతు వచ్చింది. నా గొంతు నాకు తిరిగొచ్చింది. అన్నాను.

అప్పటిదాకా ఏమీ తెలియని మా అమ్మాయి, తన పేరు పిలిస్తే కళ్లు నులుముకుంటూ బయటికొచ్చి, "ఇంకా కదల్లేదా?" అంది.

ఒడ్డుకు వచ్చాక ఆ పిల్ల దగ్గరకు వెళ్లాను. ఏం చెప్పాలో, ఏ భాషలో చెప్పాలో తెలియలేదు. మిగిలిన పులిహోర డబ్బాతో సహా చేతిలో పెట్టాను. మా ఆయన సంగతి చెప్పమని అమ్మాయిని అడిగాను. అమ్మాయి చెబుతూ చెబుతూ ఆగిపోయింది. ఆ పిల్ల తడి చేతులతో నన్ను పట్టుకుంది. ఆ చేతులకు తాడు ఒరుసుకున్న కాయలున్నాయి. మర తిప్పిన రోజుల్లో నా చేతులూ అలాగే ఉండేవి. నువ్వు చల్లగా ఉండాలి తల్లీ అన్నాను. అది మాత్రం తర్జుమా చెయ్యొద్దన్నాను.

చాండ్లర్‌కి తిరుగు ప్రయాణంలో స్నేహితుడే డ్రైవ్ చేశాడు. వెనక ఐసు పెట్టెలో మొదటిసారి పట్టిన లాబ్‌స్టర్లున్నాయి. వాటిని వెన్న రాసి కాల్చాలని అల్లుడూ, ఉల్లిపాయా కారం వేసి ఇగురు పెట్టాలని నేనూ. దారిలో ఒక పెట్రోల్ బంక్ దగ్గర ఆగాం. అందరూ దిగి, కాళ్లు సాచుకుని, మళ్లీ ఎక్కారు. అతను తాళం తిప్పకుండా వెనక్కి తిరిగాడు. అల్లుడి పేరు పిలిచాడు.

"ముందు సీట్లో నీ పక్కనే ఉన్నానురా."

"నోటితోటి చెప్పు."

"ఉన్నా."

"ఆంటీ?"

"ఉన్నాను బాబూ."

మా అమ్మాయి పేరు పిలిచాడు. అది నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోతోంది. ఇక్కడే ఉందిలే, పడుకుంది, పోనియ్యి అనబోయాను. మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆగి, చెంప మీద తట్టి లేపాను.

"ఏంటమ్మా," అంది విసుగ్గా.

"పిలుస్తున్నాడు. పలుకు."