మణికట్టు పలక, పసుపు కంకణం

ఆ రాతి పలకను మణికట్టుకు కట్టుకోమన్నది నేనే.

మా తవ్వకంలో పనిచేసే అతను తన కుడి చేతికున్న పసుపు కంకణం వైపు చూసుకున్నాడు. “ఇది తీయగూడదు సా. అదంతట అదే తెగిపోవాల.”

“ఒక్క ఫోటో. మళ్లీ కట్టుకుందువు గానీ,” అన్నాను.

విప్పాడు. దారం కొసను నోట్లో తడిపి పురిపెట్టి పలక చివరి రంధ్రంలోకి దూర్చాడు. లోపల ఇసుక అడ్డుపడింది. దారాన్ని నాలుగైదుసార్లు అటూ ఇటూ లాగి శుభ్రం చేశాడు. రెండో రంధ్రానికీ అంతే. ఎడమ చేతి మీద ముడి నేనే వేశాను. ఫోటో చక్కగా వచ్చింది.

చాలా ఏళ్లు తెలుగు దినపత్రికలో పనిచేసి దోహా వచ్చాక, ఒక పురావస్తు తవ్వకాల బృందంలో ఇంగ్లీషు నివేదికలు సరిదిద్దే పనిలో కుదిరాను. అవసరమైతే తెలుగువాళ్లకీ అధికారులకీ మధ్య దుబాసీ పని కూడా నాదే. పాత అలవాటు పోక, అప్పుడప్పుడు మా పత్రిక ఆదివారం పేజీకి ఏదో ఒకటి రాసి పంపుతుండేవాణ్ణి.

అతనిది కడప వైపు పల్లె. అల్ అజీజియాలో ఒక ఇంట్లో డ్రైవరుగా ఏళ్లతరబడి చేసి, ఎలాగో కాగితాలు మార్పించుకుని తవ్వకంలో జల్లెడ పట్టే పనికి వచ్చాడు. ఎండలో మట్టి జల్లించడం ఎవరికైనా కష్టమే. అతను మాత్రం, “ఈడ నన్ను హారన్ కొట్టి పిల్చేవోళ్లు లేరు సా,” అని సంబరపడేవాడు.

ఆ పలక దొరికింది అతని జల్లెడలోనే. వేలంత పొడవు, నున్నటి బూడిదరంగు రాయి, రెండు చివర్లా ఒక్కో రంధ్రం.

“నూరుడు రాయి సా ఇది. మా నాయన ఇట్లాంటిదే మొలకు కట్టుకోని కోతకు పోతాండె,” అన్నాడు.

కరీంనగర్ నుంచి వచ్చిన ఫోర్‌మన్ పగలబడి నవ్వాడు. “ఇగో, పెద్ద సైంటిస్టు వచ్చిండు! యల్లా, జల్లెడ పట్టు ముందుగాల.”

తవ్వకం నడిపే యూరప్ ఆవిడ నవ్వలేదు. బాణం వదిలినప్పుడు వింటినారి వచ్చి ఎడమ మణికట్టుకు చెళ్లున తగులుతుంది. దానికి అడ్డంగా కట్టుకునేవని చెప్పే రాతి పలకలు వాళ్ల దేశాల పాత సమాధుల్లో, చేతి ఎముకల పక్కన దొరుకుతాయట. కొన్ని చేతి బయటివైపున ఉంటాయి కాబట్టి, అవి రక్షణకా, హోదాకా అన్న వాదన అక్కడా తెగలేదు. ఈ ఎడారిలో రాతి బాణపు ములుకులు దొరుకుతాయి గానీ ఇలాంటి పలకను ఆవిడ ఊహించలేదు. ఇది మణికట్టు పలకా, మెడలో వేలాడినదా, అతనన్నట్టు నూరుడు రాయా? తాడు ఎటు లాగిందో రంధ్రాల అంచుల అరుగుదలే చెప్పాలి. అందుకే సూక్ష్మదర్శిని కింద పెట్టేదాకా కడగవద్దు, తుడవవద్దు అని రాసిపెట్టారు. ఆ కాగితం సరిదిద్దింది నేనే.

ఫోటో ఆదివారం మా పత్రికలో, నా పేరు లేకుండా, అచ్చయింది. మంగళవారానికి ఫోర్‌మన్ ఫోన్ లోంచి ఆవిడ దాకా వెళ్లింది. పలకను సూక్ష్మదర్శిని కింద పెడితే రంధ్రాల్లో పసుపు పోగులు కనిపించాయి. అంచులు కొత్తగా రాసుకుపోయాయి. పోల్చి చూడడానికి అతని కంకణాన్ని తీసుకుని చిన్న సంచిలో వేసి నంబరు రాశారు. తర్వాత మా ఇద్దరినీ పిలిచారు.

“ఎవరు కట్టమన్నారు?” అని ఆవిడ అడిగింది. నేను దాన్ని తెలుగులో చెప్పాను.

అతను నా వైపు చూడలేదు. “ఎవురూ చెప్పలేదు. నేనే సరదాకు కట్టుకున్యా.”

ఆ మాటను పొల్లుపోకుండా ఇంగ్లీషులోకి మార్చాను. ఉద్యోగంలో నేను చేసిన అనువాదాలన్నిటిలో అంత జాగ్రత్తగా చేసింది ఇంకోటి లేదు. ఆ వారమే అతన్ని పనిలోంచి తీసేశారు.

నాలుగు నెలల తర్వాత అల్ వుకైర్‌లో ఒక కిరాణా కొట్టు ముందు కనిపించాడు. పెద్ద కారు తుడుస్తున్నాడు. మళ్లీ డ్రైవరే.

“ఆ రోజు నా సంగతి ఎందుకు చెప్పలేదు?” అని అడిగాను.

“ఇంగిలీషు వచ్చినోళ్లు మీరు గదా సా. చెప్పేదుంటే మీరే చెప్పింటారు,” అన్నాడు నవ్వుతూనే. “నా కంకణానికి గూడా నంబరేసినారంట. ఇంగ ఆడ పనిలో మిగిలింది అదొకటే.”

లోపలి నుంచి ఎవరో అరబ్బీలో కేకేశారు. గుడ్డ విదిలించి పరిగెత్తాడు.

మర్నాడు ఆవిడకు జరిగింది చెప్పాను. “ఇప్పుడా?” అంది. ఆ సాయంత్రమే అతన్ని తిరిగి తీసుకోమని కార్యాలయానికి లేఖ రాసింది. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. నా ఉద్యోగం నాకుంది.

పలక వాడకం నిర్ధారణ కాలేదని నివేదికలో నమోదైంది. చలికాలపు తవ్వకం మొదలై మూడు వారాలు దాటింది. ఆవిడ లేఖకు కార్యాలయం ఇంకా జవాబివ్వలేదు.