బర్రెతో సహా ఇల్లు మారాం: గద్వాల నుంచి నాగర్‌కర్నూలు దాకా

పెళ్లి ఫొటోలు తీసేవాడికి సొంత ఊరంటూ ఒకటి ఉండక్కర్లేదు. ముహూర్తం ఎక్కడుంటే అక్కడికి కెమెరా సంచీ తగిలించుకుని పోవడమే నా పని. అందుకే గద్వాల వదిలి నాగర్‌కర్నూలుకు మారాలన్నప్పుడు నాకు ఏ బెంగా లేదు. నా భార్య సుజాతకు ఏడాది కిందట అక్కడి దవాఖానలో నర్సు ఉద్యోగం వచ్చింది. వంద కిలోమీటర్ల దూరం, మధ్యలో బస్సు మారాలి, రోజూ పోయిరావడం అయ్యే పని కాదు. తోటి నర్సుతో కలిసి ఒక గదిలో ఉంటూ ఆదివారం ఆదివారం వచ్చిపోయేది. మా పాప చిన్నికి నాలుగేళ్లు. ఆదివారం సాయంత్రం నాలుగు కొట్టగానే మా అమ్మ పాపను చంకనేసుకుని దొడ్లోకి బర్రె దగ్గరికి తీసుకుపోయేది. సుజాత చెప్పులు చేత్తో పట్టుకుని ముందు వాకిట్లోంచి చప్పుడు లేకుండా వెళ్లిపోయేది. సొంతింట్లోంచి దొంగలా పోవడం చూడలేక, ఇక చాలు, అందరం అక్కడికే పోదామన్నాను.

అమ్మ రెండు షరతులు పెట్టింది. మొదటిది, గంగ కూడా రావాలి. గంగ అంటే మా బర్రె. నాన్న పోయాక అమ్మ ఇల్లు నడిపింది గంగ తల్లి పాలమ్మే. అందుకని నాగర్‌కర్నూలు చివర, వెనక ఖాళీ జాగా ఉన్న ఇల్లు వెతికాను. అద్దె ఐదు వేలు. రెండో షరతు అసలైంది. "కొత్తింట్ల మన గంగ పాలే పొంగియ్యాలె. మంచి గడియల పొంగినయంటే ఆ ఊరు మనల్ని రమ్మన్నట్టు. పొంగకుంటే నేనూ నా బర్రె అదే బండిల మర్లొస్తం," అంది. పంతులు చూసిన గడియ గురువారం పదకొండు నుంచి పదకొండూ నలభై. అంతకు ముందు శుక్రవారం అమ్మ మా గద్వాల అమ్మవారు జమ్ములమ్మకు మొక్కి, పసుపు మూట కట్టుకుని వచ్చింది. అమ్మ మాట అంటే మాటే. ఆమె వెనక్కి పోతే చిన్ని కూడా పోవాల్సిందే. సుజాతకు రాత్రి డ్యూటీలు, నాకు పెళ్లిళ్లు, పాపను చూసేదెవరు? మళ్లీ ఆ ఆదివారాలే.

ఇలాంటి ప్రయాణం పెట్టుకునేవాళ్ల కోసం వివరంగా చెబుతున్నా. బర్రెను జిల్లా దాటిస్తున్నాం కాబట్టి పశువుల దవాఖానలో ముందురోజే ఆరోగ్య పత్రం రాయించాను. సామానుకీ బర్రెకీ కలిపి డీసీఎం లారీ ఒకటి, ఏడున్నర వేలకు మాట్లాడుకున్నాను. దాని డ్రైవరు ఖాజన్న ఇరవై ఏళ్లుగా ఈ దారుల్లో తిరుగుతున్నవాడు. పరుపులు, బియ్యం సంచుల కోసం ఒక ట్రాలీ ఆటో, రెండు వేలు. అది నడిపేది నర్సిములు. పొద్దున ఐదున్నరకు లారీని మట్టి గట్టుకు ఆనించి గంగను ఎక్కించాం, కింద వరిగడ్డి మందంగా పరిచాం. కొత్తింట్లో పిండాలని ఆ పొద్దు అమ్మ పాలు తీయలేదు, దుడ్డెను కూడా తాగనివ్వలేదు. దుడ్డె అంటే బర్రె దూడ, దానికి రెండు నెలలు.

ఇక్కడే నా తెలివి పనిచేసింది. "దుడ్డెను దాని కండ్ల ముంగట్నే కట్టురా," అంది అమ్మ.

"బండి ఊగితే బర్రె తొక్కుతదమ్మా. ట్రాలీల పరుపుల మీద హాయిగొస్తది. నాకు తెల్వదా ఏంది?"

"అమ్మ చెప్పేది జర ఇను తమ్మీ," అన్నాడు ఖాజన్న.

"నువ్వు బండి నడుపన్నా, మిగతాది నేను చూస్కుంట," అన్నాను. అన్నానండీ ఆ మాట. పైగా నర్సిములు తన దారి చెప్పినప్పుడు కూడా సరేనన్నాను. "పెద్దమందడిల మా అక్కోళ్ల మంచమొకటి దించేదుంది అన్నా. పెబ్బేరు కాడికెంచి హైవే మీద కొత్తకోట దిక్కు పోత. మీకంటె ముందే ఉంట సూడు," అన్నాడు. వందల పెళ్లిళ్లకు దారులు వెతుక్కున్న నాకు ఇదంతా చేతిలో పని అనిపించింది.

ఆరింటికి బయల్దేరాం. గద్వాల నుంచి ఎర్రవల్లి చౌరస్తా దాకా అరగంట పైనే, అక్కడి నుంచి హైవే. బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన మీద అమ్మ బండి మెల్లగా పోనిమ్మంది. కిటికీలోంచి రూపాయి బిళ్ల విసిరి, ఒళ్లో నిద్రపోతున్న చిన్ని చేతులు కూడా జోడించింది. తర్వాత వెనక్కి తిరిగి, "గంగా, కిష్టమ్మను దాటుతున్నం, మొక్కుకోవే," అని కేకేసింది. ఖాజన్న నవ్వి హారన్ కొట్టాడు. పెబ్బేరులో ట్రాలీ నేరుగా పోయింది, మేం కుడికి తిరిగి ఎనిమిదింటికి వనపర్తి చేరాం.

అక్కడ రోడ్డు పక్క టిఫిన్ బండి దగ్గర ఆగాం. ఇడ్లీ, పూరీ, చాయలు కలిపి రెండు వందలయ్యాయి. పూరీలు కాలుస్తున్న ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి గంగను చూసింది. "తాగనీకి మీ ఊరి నీళ్లు తెచ్చుకున్నరా?" అని అడిగింది.

"రెండు బిందెలు తెచ్చిన అక్కా," అంది అమ్మ గర్వంగా.

"మంచి పని జేసినవ్. కొత్త నీళ్లు పశువు తొందరగ ముట్టది. దుడ్డె ఏది మల్ల?"

అమ్మ నా వైపు చూసింది. నేను చట్నీ వేయించుకోవడానికి పక్కకు జరిగాను. అమ్మ మొహంలో మొదటిసారి దిగులు చూసింది అక్కడే, చూసీ చూడనట్టున్నాను.

వనపర్తి నుంచి గోపాల్‌పేట మీదుగా నాగర్‌కర్నూలుకు రెండు గంటల లోపే. గతుకులున్న చోట ఖాజన్న నడక వేగంతో నడిపాడు. బర్రె కాళ్లు జారకుండా అలాగే నడపాలట. పదీ ఇరవైకి కొత్తింటి ముందున్నాం. ట్రాలీ ఇంకా రాలేదు. బర్రెను దించడానికి గట్టు లేదు, పక్కన కడుతున్న ఇంటి ఇసుక కుప్పకు బండి ఆనించి దించాం. సుజాత ఆ పొద్దు సెలవు పెట్టి, ఇల్లు కడిగి, గడపకు పసుపు రాసి ఎదురుచూస్తోంది. చిన్ని కళ్లు నులుముకుని తల్లిని చూసింది, మమ్మల్ని చూసింది, మళ్లీ తల్లిని చూసింది. "అమ్మా, ఇయ్యాల ఐతారమా?" అని అడిగింది. సుజాత దాన్ని ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది. తల్లి కనబడిందంటే దానికి ఆదివారమే మరి.

పదకొండుకు అమ్మ కడిగిన చెంబుతో గంగ పక్కన కూర్చుంది. పొదుగు బిగుసుకుని ఉంది. అయినా చుక్క రాలేదు. బర్రె చేపితేనే, అంటే పొదుగులోని పాలు కిందికి వదిలితేనే కదా చన్నుల్లోకి వచ్చేది! దుడ్డె వచ్చి నాలుగుసార్లు కుమ్మితే గానీ గంగ చేపదు. అప్పటికే నర్సిములుకు మూడుసార్లు ఫోన్ చేశాను. "అన్నా పరేషాన్ గాకు, టైరు పంచరైంది. స్టెప్నీ గూడ గాలి లేదు. పెద్దమందడిల పంచరాయన పొలం కాడికి పోయిండట," అన్నాడు. వెనక దుడ్డె అరుపు నాకు వినబడుతోంది.

ఆ తర్వాత అరగంట మేం చేయని విన్యాసం లేదు. తవుడు కలిపి పెట్టాం. అమ్మ వీపు నిమిరింది, పొదుగుకు గోరువెచ్చని నీళ్లు కొట్టింది. నా ఫోన్లో దుడ్డె వీడియో ఉంటే పెద్ద సౌండుతో పెట్టి గంగ ముందు పట్టుకున్నాను. గంగ ఫోన్ను వాసన చూసి, మొహం తిప్పుకుని, ఉచ్చ పోసింది. గోడ మీది నుంచి ఎవరో సూది వేయిస్తే చేపుతుందన్నారు. "నీకేపిచ్చుకో సూది!" అని అమ్మ ఒక్క అరుపు అరిచింది. ఇల్లు అద్దెకిచ్చిన మణెమ్మ చల్లటి పాల ప్యాకెట్ తెచ్చి, "ఏ పాలైతేంది వదినా, టైం అయిపోతుంది," అంది పాపం మంచికే. అమ్మ తల అడ్డంగా ఊపింది. అప్పుడే గంగ మెడ మీద చెయ్యేసి మెల్లగా మాట్లాడటం విన్నాను. "భయమైతుందానే? నాక్కూడ గట్లనే ఉందే. ఈ ఊర్ల మనకెవ్వరు తెల్వదు. పొద్దుగాల నేనెవరితోని మాట్లాడాలె?" అంటోంది. ఇంత ధైర్యం గల మా అమ్మ ఊరు మారడానికి భయపడుతోందని నాకు ఒక్కనాడూ తట్టలేదు. అడిగితే కదా!

పదకొండూ నలభై దాటింది. అమ్మ చెంబు బోర్లించి లేచింది. "ఖాజా, నా ట్రంకు పెట్టె దించకు," అని చెప్పి బండి నీడలో కూర్చుంది. నేను బతిమాలాను, కోప్పడ్డాను, తప్పు నాదేనన్నాను. "తప్పు నీదే. గడియ దేవునిది," అంది. సుజాత మాత్రం ఒక్కసారి కూడా బతిమాలలేదు. వంటింట్లో ఖాళీ పొయ్యి ముందు పాపను పట్టుకుని నిలబడి, "అత్తమ్మ పోతనంటే పోనియ్యి. నాకోసం ఆమె మనసు చంపుకొని ఉండొద్దు. చిన్నిని తోల్కపొమ్మను, నేనే ఐతారం వస్త," అంది. గట్టిగా అనబోయి మధ్యలోనే ఏడ్చేసింది. చిన్ని ఆమె కొంగును గుప్పిట్లో బిగించి పట్టుకుని ఉంది. నీళ్లు తాగడానికి వచ్చిన అమ్మ గుమ్మంలో నిలబడి ఇదంతా చూసి, నీళ్లు తాగకుండానే వెనక్కి పోయింది. అంత సిగ్గు నేను ఎప్పుడూ పడలేదు.

ఒంటిగంటన్నరకు ట్రాలీ వచ్చింది. ఆగకముందే దుడ్డె అరిచింది, వెనక జాగాలోంచి గంగ ఇల్లదిరేలా బదులిచ్చింది. నర్సిములు తాడు విప్పగానే దుడ్డె సందులోంచి పరిగెత్తి పొదుగు మీద పడింది. రెండు కుమ్ములు కుమ్మిందో లేదో గంగ చేపింది. చన్నుల కొసల నుంచి పాలు వాటంతటవే కారుతున్నాయి. నేను చెంబు అందుకుని ఉరికాను. గడియ పోతే పోయింది, పాలు పొంగితే అమ్మను ఎలాగైనా ఒప్పించవచ్చనుకున్నాను. దుడ్డెను లాగి గుంజకు కట్టబోతుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఇడువు దాన్ని. నిన్న మాపటి సంది తల్లిని ముట్టలే. తాగనియ్యి."

"పాలు అయిపోతయమ్మా!"

"అయిపోనియ్యి."

రోజూ దుడ్డెకు ఒక్క చన్ను వదిలే అమ్మ ఆ పూట నాలుగూ వదిలేసింది. నోటి నిండా నురగతో అది ఒక చన్ను వదిలి ఇంకోటి పట్టుకుంటుంటే, గంగ తల తిప్పి దాని వీపు నాకుతుంటే, అమ్మ చాలాసేపు అలాగే చూస్తూ నిలబడింది. తర్వాత వెనక గుమ్మంలో పాపతో నిలబడ్డ సుజాత వైపు తిరిగింది.

"పాలు రేపు పొద్దుగాల పొంగిస్తం బిడ్డా. తల్లీ పిల్లా ఒక్కతాన ఉన్నంక ఎప్పుడన్న పొంగుతయ్," అంది. ఖాజన్నను కేకేసి, "నా ట్రంకు పెట్టె దించురా నాయినా," అంది.

మర్నాడు పొద్దున పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది కూడా. అమ్మకు గడియల మీద నమ్మకం పోలేదు, పోనక్కర్లేదు. దేవుణ్ణి నమ్మే మనిషే, ఆకలితో ఉన్న దుడ్డె ముందు ఆ గడియను పక్కన పెట్టింది. ఊరు మారడమంటే బండి, దారి, కిరాయి అనుకున్నాను నేను. అవన్నీ సరిగ్గానే కుదిర్చాను కూడా. ఎవరి మనసులో ఏ భయం ఉందో మాత్రం అడగలేదు. ఇప్పుడు అమ్మకు మణెమ్మ దోస్తీ అయింది, గంగ పాలకు నాలుగిళ్ల వాడిక కుదిరింది. మొన్న ఆదివారం సాయంత్రం నాలుగింటికి చిన్ని తల్లి బ్యాగును తీసుకుపోయి బియ్యం సంచుల వెనక దాచింది. ఎక్కడికీ పోవట్లేదని అందరం చెప్పినా నమ్మలేదు. చీకటిపడి, అన్నం తిని, తల్లి పక్కన పడుకున్నాక అప్పుడు లేచి వెళ్లి, తనే బ్యాగు తెచ్చి ఇచ్చింది.

మీరూ పాడి పశువుతో ఇల్లు మారుతుంటే ఒకటే మాట చెబుతా. దూడను తల్లికి కనబడేలా అదే బండిలో, మధ్యలో అడ్డంగా ఒక మంచం కట్టి ఎక్కించండి. మీకు అన్నీ తెలుసనిపించినా సరే.